పాత ఆర్మీ బ్యాగు బాగుచేయించుకుని శివగంగ, సావనదుర్గ ఎక్కాక

బెంగళూరులో చిక్‌పేట వైపు ఆదివారం పొద్దున్నే రోడ్డు మీద పాత సామాన్ల సంత పెడతారు కదా, ఈ బ్యాగు అక్కడే దొరికింది, అమెరికా ఆర్మీ వాళ్ల ఆలిస్ అనే వీపు బ్యాగు, మీడియం సైజు, ఈ మోడల్ 1973లో వచ్చింది. కొనేటప్పుడు గుడ్డ కంటే ముందు బ్యాగు వెనక తగిలించే అల్యూమినియం ఫ్రేమ్ చూడండి, వంకర లేకుండా రివెట్లు గట్టిగా ఉంటే చాలు, మిగతాదంతా కుట్టించుకోవచ్చు. దీనికి జిప్పులే ఉండవు, అన్నీ తాళ్లు, బకిల్సే, అందుకే ఇన్నేళ్లయినా బతికింది.

అసలు పని లోపల ఉంది. నైలాన్ లోపలివైపు పాలియురెథేన్ పూత ఉంటుంది, అది ఏళ్ల తరబడి తేమకి జిగురుగా అయిపోయి పొట్టు రాలుతుంది, పుల్లటి కంపు కొడుతుంది. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్, ఇంకా ఊడని చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, అదీ బాల్కనీలో, స్టవ్‌కి దూరంగా. తర్వాత నీడలోనే ఆరబెట్టాలి, ఎండకి నైలాన్ బలం తగ్గిపోతుంది. పూత పోయాక వాన నీళ్లు ఆగవు కాబట్టి లోపల మందపాటి పాలిథిన్ కవర్ వేసి సామాన్లు పెడుతున్నా.

కుట్టుపనికి ఒక మాల్‌లో రిపేర్ కౌంటర్‌కి తీసుకెళ్తే మా బ్రాండ్ కాదు అని చేతిలోకి కూడా తీసుకోలేదు. మా ఏరియాలో చెప్పులు కుట్టే పెద్దాయన అనంతపురం వైపు ఆయన, "దారం నైలాన్‌దే వెయ్యండి" అంటే "ఉత్త గీతలాగ కుడితే ఊడిపోద్ది సార్, డబ్బాలాగ కుట్టి మధ్యలో ఇంటూ మార్కు వేస్తా" అని భుజం పట్టీ రెండు చివర్లా అలాగే కుట్టాడు, పాత యోగా మ్యాట్ ముక్క కోసి నడుము పట్టీలో కూడా పెట్టించా, ఎందుకంటే ఆలిస్ ఫ్రేమ్ కింది కడ్డీ నడుముకి గుచ్చుకుంటుంది, అందరూ చెప్పే కంప్లయింట్ ఇదే. పనికి పదికి పది.

బరువుతో కొండలెక్కే ప్రాక్టీస్‌కి లాల్‌బాగ్ బండ చాలు. ఒంటి బరువులో పదో వంతుతో మొదలుపెట్టండి, లోపల వీపు వైపు రేడియో కోసం కుట్టిన జేబు ఉంటుంది, ఇసుక సంచి అందులో పెడితే బరువు వెనక్కి లాగదు.

ఫ్రేమ్‌తో ఎక్కడానికి శివగంగే బెస్ట్. తుమకూరు రోడ్డులో డాబస్‌పేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రష్ టైంలో సిటీ బస్సు ఎక్కకండి, ఫ్రేమ్ పక్కవాళ్లకి తగులుతుంది, పాపం. కొండకి మెట్లున్నాయి, పైన నిటారుగా ఉన్న చోట రెయిలింగ్ ఉంది, బరువు మోస్తూ కాళ్లకి మంచి పని. కోతులు మాత్రం చాలా ఎక్కువ, అరటిపండ్లు బయట జేబుల్లో పెట్టొద్దు. స్టే అక్కర్లేదు, చీకటితో బయల్దేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరతాం.

సావనదుర్గ వేరే లెక్క, 1226 మీటర్లు, మెట్లు లేని ఒకే రాతి కొండ. 1791 డిసెంబర్‌లో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం టిప్పు సుల్తాన్ నుంచి పట్టుకున్న కోట ఇదే, ఆ నున్నటి బండ ఎక్కుతుంటే అప్పటివాళ్లు ఎలా ఎక్కారో అని నిజంగా ఆశ్చర్యమేసింది. ఇక్కడ ఫ్రేమ్ ఉంటే బ్యాగు వీపుకి దూరంగా ఉండి వెనక్కి లాగుతుంది, అందుకే ఫ్రేమ్ తీసేసి బరువు తగ్గించి ఎక్కా, చాలా తేడా తెలిసింది. వానలో అసలు వద్దు. వెళ్లేముందు ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్, టికెట్ సంగతి ఆన్‌లైన్‌లో చూసుకోండి. దగ్గర్లో ఒక హోమ్‌స్టేలో రాత్రి ఉన్నాం, రాగి ముద్ద, ఉప్పుసారు అద్భుతం, కానీ పక్క గ్రూప్ స్పీకర్ వల్ల నిద్ర లేదు, ఓనర్‌కి చెప్పినా పట్టించుకోలేదు, ఆ రేటుకి వద్దంటా.

సంతలో లార్జ్ ఆలిస్ కనిపిస్తే మన ఊరి కొండలకి తీసుకోకండి, మీడియం ఫ్రేమ్ లేకుండా కూడా మోసేలా చేసింది, లార్జ్‌కి ఫ్రేమ్ ఉండాల్సిందే.