రాణిగంజ్‌లో కొన్న డీజిల్ అడిటివ్: నాలుగు నెలల వాడకం తర్వాత

బాలానగర్ గోడౌన్ నుంచి నార్సింగి, శంషాబాద్ వైపు సైట్లకు టైల్స్ మోసే మా బొలేరో పికప్ 2018 నాటి బీఎస్–4 (పాత కాలుష్య ప్రమాణం) బండి. లక్షా యాభై వేల కిలోమీటర్లు దాటాక, ఉదయం స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు ఇంజిన్ గట్టిగా కొట్టుకోవడం, లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక నల్లటి పొగ రావడం మొదలయ్యాయి. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పించే ముందు తక్కువ ఖర్చులో ఏదైనా అడిటివ్ (డీజిల్‌లో కలిపే మందు) పోసి చూద్దామని రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో ఒక మధ్యాహ్నమంతా తిరిగాను. అక్కడ రెండు వందల రూపాయల నుంచి వెయ్యి దాటిన సీసాల వరకు ఉన్నాయి, ఏది చూపించినా దుకాణదారు చెప్పే మాట మాత్రం ఒక్కటే: మైలేజీ పెరుగుతుంది.

నేను మొదట కొన్నది అన్నిటికంటే చవకైన సీసానే. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. లేబుల్ మీద ఇరవై శాతం ఇంధనం ఆదా అని పెద్ద అక్షరాల్లో ఉంది గాని, ఎన్ని లీటర్ల డీజిల్‌కు ఎంత కలపాలో స్పష్టంగా లేదు, లోపల ఏ రకం పదార్థం ఉందో అసలే లేదు. రెండు ట్యాంకులు గడిచినా పొగలోగాని, శబ్దంలోగాని తేడా కనిపించలేదు. మా మెకానిక్ ఆ సీసా చూసి నవ్వి, "మొదలు ఫిల్టర్ల నీళ్లు తీసి చూడుండ్రి సార్, మందు సంగతి తర్వాత" అన్నాడు. నిజంగానే డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న మర విప్పితే దాదాపు అర గ్లాసు నీళ్లు దిగాయి. వానాకాలం వెళ్లాక కూడా ఆ పని చేయించకపోవడం నా తప్పే. కొత్త ఫిల్టర్ వేయించిన తర్వాతే అసలు పరీక్ష మొదలైందని చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క మార్పుతోనే బండి లాగడం కొంత మెరుగైంది, అప్పటికే అడిటివ్ పోసి ఉంటే ఆ మంచిపేరు అన్యాయంగా దానికే దక్కేది.

రెండోసారి కొన్నది జర్మనీకి చెందిన లిక్వి మోలి వారి సూపర్ డీజిల్ అడిటివ్. నాకు ఆరు వందల చిల్లర పడింది. ఒక సీసా సుమారు 75 లీటర్లకు సరిపోతుంది. ఇంజెక్టర్ల మొనల వద్ద పేరుకునే మడ్డిని కరిగించే డిటర్జెంట్, సీటేన్ సంఖ్యను (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలతను) పెంచే పదార్థం, తుప్పు పట్టకుండా కాపాడే గుణం దీనిలో ఉన్నాయని తయారీదారు చెబుతారు. వెయ్యి బార్‌కు పైబడిన ఒత్తిడితో డీజిల్‌ను చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్ల రంధ్రాలు వెంట్రుక మందాన ఉంటాయి కాబట్టి, కొద్దిపాటి మడ్డి కూడా చిమ్మే తీరును చెడగొడుతుంది. ఈ మూడు గుణాల్లో నాకు పనికొచ్చేది మొదటిదే. సీటేన్ విషయానికొస్తే, మన బంకుల్లో దొరికే డీజిల్‌కు కనీసం 51 ఉండాలన్నది ప్రమాణం, కాబట్టి సవ్యమైన బంకులో పోయించే వారికి దాని అవసరం తక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి గంధకాన్ని 10 పీపీఎమ్‌కు (పది లక్షల భాగాల్లో పదికి) తగ్గించినందువల్ల డీజిల్‌లో జారుడు గుణం తగ్గి పంపు అరిగిపోతుందని కొందరు భయపెడతారు గాని, ఆ లోటును పూరించే పదార్థాన్ని రిఫైనరీలోనే కలుపుతారు. ఇక డీజిల్ గడ్డకట్టకుండా కాపాడే సీసాలు చలిదేశాల వారి కోసం తయారైనవి. పటాన్‌చెరు వైపు చలి కాస్త ఎక్కువే అయినా, శీతాకాలపు డీజిల్ తట్టుకోలేనంత చలి మన నగరంలో పడదు.

ఖర్చు లెక్క దగ్గరే చాలామంది పొరబడతారు. 75 లీటర్లకు ఆరు వందలంటే లీటరుకు ఎనిమిది రూపాయలు. డీజిల్ ధర సుమారు 96 రూపాయలు అనుకుంటే, ప్రతి ట్యాంకుకూ పోసే వారికి మైలేజీ ఎనిమిది శాతం పైగా పెరిగితే తప్ప అసలు కూడా తిరిగి రాదు. అదే సీసాను ఐదు వేల కిలోమీటర్లకు ఒకసారి పోస్తే, లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వచ్చే బండికి ఆ వ్యవధిలో పట్టే 417 లీటర్ల మీద ఖర్చు లీటరుకు రూపాయిన్నర లోపే ఉంటుంది. ఈ లెక్కలో చూస్తే ఎక్కువసార్లు పోయాల్సి వచ్చే రెండు వందల సీసా కంటే ఇదే చవక.

ఫలితం చెప్పాలంటే, డీజిల్ పోయించే ముందే సీసా ఖాళీ చేసి ట్యాంకు నింపించడం, ఒకే బంకు, దాదాపు ఒకే లోడు అనే పద్ధతిలో లెక్కిస్తే, మైలేజీ 11.8 నుంచి 12.1కి వచ్చింది. ట్రాఫిక్‌లో ఒక రోజు తేడాకే అంత మార్పు రావచ్చు కాబట్టి దాన్ని నేను లాభంగా రాయడం లేదు. ఉదయపు కొట్టుడు మాత్రం రెండో సీసా నాటికి స్పష్టంగా తగ్గింది. పొల్యూషన్ పరీక్షలో బీఎస్–4 బండికి అనుమతించే 1.62కు దగ్గరగా ఉన్న, పొగ చిక్కదనం చూపే రీడింగు 1.2కు దిగింది. ఇంజెక్టర్ అరిగి కారుతుంటే మాత్రం ఏ సీసా దాన్ని బాగుచేయలేదు.

కొత్త ప్రమాణమైన బీఎస్–6 పికప్ ఉన్నవారు ఇంకొంత జాగ్రత్త పడాలి. సైలెన్సర్‌లో మసిని పట్టి ఆపే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది గనుక, లోహం కలిసిన అడిటివ్‌లు గాని, కొందరు డ్రైవర్లు అలవాటుగా కలిపే టూ–స్ట్రోక్ ఆయిల్ గాని మిగిల్చే బూడిద దానిలో పేరుకుపోతుంది. లేబుల్ మీద డీపీఎఫ్ బండ్లకు పనికొస్తుందని రాసి ఉంటేనే కొనండి, బిల్లు అడగండి, సీలు సరిచూడండి.

మా బండి ఇప్పుడు 1,61,000 దగ్గర ఉంది. మూడో సీసా సీటు వెనక పెట్టె‌లో ఉంది, 1,62,400 దగ్గర పోయాలి. అంతకుముందు ఫిల్టర్ నీళ్లు తీయించే పని ఉంది.