వాటర్ లూప్ సామాను కోసం మూడు ఊళ్ల బజార్లు

విజయవాడలో కంప్యూటర్ సామాను దొరకదని కాదు. క్యాబినెట్లు, సీలు వేసి వచ్చే లిక్విడ్ కూలర్లు కావలసినన్ని ఉన్నాయి. వేడెక్కే చిప్‌ల మీద బిగించిన బ్లాకుల గుండా పంపుతో నీళ్లు తిప్పి, ఆ వేడిని రేడియేటర్ దగ్గర ఫ్యాన్లతో వదిలించే ఏర్పాటే వాటర్ లూప్. పంపు, రేడియేటర్లు, బ్లాకులు, గొట్టాలు విడివిడిగా కొని సొంత లూప్ కట్టుకోవాలంటే మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా రైలెక్కాలి. గొట్టాన్ని బిగించే ఫిట్టింగు మర తిప్పి చూడకుండా డబ్బు కట్టడం నాకు గిట్టదు. అందుకే సికింద్రాబాద్, చెన్నై, బెంగళూరు బజార్లు మూడూ తిరిగాను.

ఏ ఊరు వెళ్లినా ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన లెక్క ఒకటుంది. నా ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్, పూర్తి భారం మీద 230 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4080, అది 320. మొత్తం 550. ఒక్కో 120 మిల్లీమీటర్ల రేడియేటర్ భాగానికి 100 వాట్లు అనేది ఈ పని చేసేవాళ్ల మోటు లెక్క. ఆ లెక్కన మూడేసి భాగాలుండే 360 రేడియేటర్లు రెండు కావాలి. పైన బిగించేది 30 మిల్లీమీటర్ల మందం, దానికి ఫ్యాన్ మరో 25. మదర్‌బోర్డు హీట్‌సింక్‌కి, ర్యామ్‌కి తగలకుండా ఆ 55 మిల్లీమీటర్ల చోటు ఉందో లేదో స్కేలు పెట్టి కొలుచుకున్నాకే టికెట్ తీసుకున్నాను. తర్వాత కాగితం మీద బొమ్మ: నీళ్లు నిలిచే రిజర్వాయర్ కింద పంపు, అన్నిటికన్నా దిగువన నీళ్లు వదిలే వాల్వు, అన్నిటికన్నా పైన నీళ్లు పోసే మూత. నీళ్లు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, కార్డుకి వెళ్లాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నీళ్లు తిరిగే వేగానికి లూప్ అంతటా ఉష్ణోగ్రతలో పెద్ద తేడా రాదు. గొట్టం ఎటు పొట్టిగా, తిన్నగా పడితే అటే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ప్యారడైజ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరి, రాత్రి బండికి తిరిగి రావచ్చు. గది తీసుకోనక్కర్లేదు, తీసుకోవాలంటే స్టేషన్ ఎదుటి లాడ్జీలకన్నా ప్యారడైజ్ వైపువి శుభ్రంగా ఉన్నాయి, అద్దె కాస్త ఎక్కువ. క్యాబినెట్, పవర్ సప్లై, ఫ్యాన్ల వరకు ఇక్కడి బేరాన్ని మిగతా రెండు ఊళ్లూ అందుకోలేదు. లూప్ సామాను మాత్రం అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టినంతే ఉంది, ఏది అడిగినా ‘తెప్పిస్తాం సార్’ అంటారు. ఒక దుకాణంలో గ్రాఫిక్స్ కార్డు బ్లాకు చూపించి, 4080 అంటే ఏ కంపెనీదైనా ఒకటేనని గట్టిగా వాదించారు. చిప్ ఒకటే కావచ్చు. ఒక్కో కంపెనీ బోర్డు మీద కెపాసిటర్లు, మరల రంధ్రాలు ఒక్కో చోట ఉంటాయి, ఆ బోర్డుకి చేసిన బ్లాకే దానికి కూర్చుంటుంది. కార్డు మోడల్ పేరు పూర్తిగా రాసిన చీటీ చూపించాను. చీటీ చదవకుండానే బిల్లు పుస్తకం తెరిచారు. దండం పెట్టి బయటికి వచ్చాను.

చెన్నై సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పినాకిని ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దింపుతుంది. అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్ దగ్గరే. బ్లాకులు, రేడియేటర్ల కోసమైతే వెళ్లవద్దు. వైర్లు, కనెక్టర్లు, పిన్నులు, హీట్ ష్రింక్, థర్మల్ ప్యాడ్లు కావాలంటే ఇంతకు మించిన వీధి నేను చూడలేదు. ట్రిప్లికేన్ మ్యాన్షన్లలో గది చవక, నిద్ర మాత్రం దోమల దయ.

బెంగళూరుకి రాత్రి ప్రయాణం. చాలా రైళ్లు ఇప్పుడు ఎస్ఎంవీటీ టెర్మినల్‌కి వెళ్తున్నాయి, అది నగరం నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్‌కి దూరం. తెల్లవారుజామున ఆటోవాళ్లు అడిగే డబ్బు చూస్తే టికెట్‌లో మిగిలిందంతా అక్కడే పోతుంది. మెజెస్టిక్ చుట్టుపక్కల గది తీసుకుంటే మెట్రోలో తర్వాతి స్టేషనే చిక్‌పేట, అక్కడి నుంచి కంప్యూటర్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డుకి నడకే. ఆదివారం మాత్రం వెళ్లకండి, చాలా షట్టర్లు దించే ఉంటాయి. ఎస్పీ రోడ్డులో ఫిట్టింగులు దొరికాయి, అన్నీ జీ 1/4 మరవే. కాని అసలు మేలు జరిగింది ఆ వీధిలో కాదు, అక్కడ ఒకాయన చిరునామా చెప్పి పంపిన, క్యాబినెట్ తెస్తే లూప్ బిగించి ఇచ్చే చిన్న వర్క్‌షాపులో.

అక్కడి కుర్రాడు నా బొమ్మ చూసి మొదట చేసిన పని, అందులోంచి రెండు యాంగిల్ ఫిట్టింగులు కొట్టేయడం. గొట్టాన్నే వంచితే పోతుంది కదా అన్నాడు. అమ్ముకునే సరుకును తనే తగ్గించిన మనిషి మీద నమ్మకం కుదరక ఏం చేస్తుంది? 14 మిల్లీమీటర్ల అక్రిలిక్ గొట్టంలోకి సిలికాన్ తాడు దూర్చి, హీట్ గన్ ముందు ఆపకుండా తిప్పుతూ పోయాడు. గొట్టం దాని బరువుకు అదే వాలడం మొదలయ్యాక అచ్చుకి ఆనించి వంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకున్నాడు. కోసిన అంచును లోపలా బయటా అరగదీసి, గోటితో చుట్టూ తడిమి చూశాడు. ఆ అంచు పదునుగా ఉంటే ఫిట్టింగులోకి దూర్చేటప్పుడు లోపలి రబ్బరు వలయం, అంటే ఓ-రింగ్ మీంచి వెంట్రుకంత రబ్బరు లేస్తుంది, నీళ్లు కారేది అక్కడే. పెట్‌జీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ గొట్టం వంచడం తేలికే కాని, నీళ్లు 60 డిగ్రీలకు చేరితే అది ఫిట్టింగు దగ్గర మెత్తబడుతుంది. ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా నీళ్లు గది వేడికన్నా చల్లబడవు కనుక, మే నెల విజయవాడకి అక్రిలికే తీసుకోమన్నది కూడా అతనే.

సర్దుడు పద్ధతి కూడా నచ్చింది. గొట్టాలకన్నా ముందు వైర్లు. ఆరు ఫ్యాన్లను మదర్‌బోర్డు మీది ఒక్క పిన్నుకే తగిలించకుండా, విడిగా కరెంటు తీసుకునే హబ్‌కి కలిపి, దాన్ని ట్రే వెనక అంటించాడు. ఆ పిన్నులు మామూలుగా 1 ఆంపియర్‌కి మించి ఇవ్వవు. డీ5 పంపుకి కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచే. చివరికి నీళ్లు పోయకుండా గాలి కొట్టి, ఒత్తిడి చూపే గేజ్ ముల్లు అర బార్ దగ్గర నిలబెట్టి, టీ తాగి వచ్చాం. ముల్లు కదల్లేదు.

మజూరి ఎక్కువే, బేరం ఆడనివ్వరు. చెప్పిన వేళకు ఇవ్వలేదు, లాడ్జిలో ఇంకో రాత్రి అద్దె అదనంగా పడింది. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ, అంతే. అయినా వాడని ఫిట్టింగులు వెనక్కి తీసుకుని డబ్బు చేతిలో పెట్టింది మూడు ఊళ్లలో ఈ ఒక్కచోటే. రంగు రంగుల చిక్కటి కూలెంట్ అడిగితే, అది పేరుకుని బ్లాకులోని సన్నటి గాడులను పూడ్చేస్తుందని చెప్పి, తుప్పు పట్టనివ్వని, నాచు పెరగనివ్వని రంగులేని గాఢ ద్రావణం సీసా ఇచ్చారు. రైల్లో తెచ్చుకోవడానికి అదే సుఖం, డిస్టిల్డ్ వాటర్ ఊళ్లోనే దొరుకుతుంది. క్యాబినెట్‌ను మాత్రం నీళ్లు పోయకుండా పొడిగానే తెచ్చుకోండి. గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా దాని పెట్టెలో సర్దమని అడగండి, అడిగితేనే చేస్తారు.