డబ్లిన్‌లో ఐరిష్ వాళ్ళింట్లో ఉండి చదువుకోవడం: కోనసీమ నుంచి వెళ్ళేవాళ్ళ కోసం

చదువుకోవడానికి వెళ్ళిన దేశంలో అక్కడి కుటుంబంతోనే ఉండటం మన పిల్లలకు పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. కానీ వంటగది సంగతి ముందే తేల్చుకున్నవాళ్ళకే. డబ్లిన్‌లో మాస్టర్స్ చేసినంత కాలం, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కున్న నెలల్లోనూ నేను ఒకే ఐరిష్ కుటుంబంతో ఉన్నాను. ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నాను. రావులపాలెం నుంచి రాజోలు దాకా తెలిసినవాళ్ళ పిల్లలెవరు ఐర్లండ్ వెళ్తున్నా ఫోన్ నాకే వస్తుంది. వాళ్ళందరికీ చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అక్కడ దీన్ని ‘డిగ్స్’ అంటారు. ఇంటివాళ్ళు అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇస్తారు. చాలాచోట్ల పొద్దున టిఫిన్, రాత్రి భోజనం కూడా వాళ్ళవే. సొంత ఇంట్లో గది ఇచ్చినవాళ్ళకు ఏడాదికి 14,000 యూరోల దాకా పన్ను ఉండదు. తిండి, బట్టలుతకడం కోసం తీసుకునే డబ్బు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అది దాటితే మాత్రం దాటిన దాని మీదే కాదు, మొత్తం మీద పన్ను పడుతుంది. ఆ 14,000 అంటే నెలకు సుమారు 1,166 యూరోలు. అద్దె మాట్లాడేటప్పుడు ఈ అంకె మనసులో పెట్టుకోండి, ఇంటివాళ్ళ మనసులో అది ఎలాగూ ఉంటుంది.

ఇక తిండి. మా ఇంటావిడ సాయంత్రం ఆరింటికల్లా భోజనం పెట్టేసేది. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, క్యారెట్లు, మాంసం, పైన గ్రేవీ. కారం అంటే మిరియాలపొడే. ఆవిడ శ్రద్ధగా వండేది, ఏమీ తక్కువ చేయలేదు. కానీ మూడు పూటలా అన్నం తిని పెరిగిన దాన్ని, రాత్రి పదింటికి మళ్ళీ ఆకలేసేది. చలికాలంలో ఆ ఆరు గంటలంటే మనకు రాత్రి పదకొండున్నర. కాబట్టి భోజనం అయ్యాక ఇంటికి ఫోన్ చేద్దామన్నా అమ్మ నిద్రపోయి ఉండేది.

కొన్నాళ్ళు చూసి నేనే అడిగాను, శనివారం పూట వంటగది నాకిమ్మని. సంతోషంగా ఒప్పుకున్నారు, ఫ్రిజ్‌లో ఒక అర కూడా ఇచ్చారు. మూర్ స్ట్రీట్‌లో మనవాళ్ళ సరుకుల కొట్లున్నాయి, సోనా మసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. పోపు వేసేటప్పుడు తలుపు మూసి కిటికీ తెరవాలి, లేకపోతే పొగ అలారం ఇల్లంతా మోగుతుంది. ఆవకాయ తీసుకెళ్ళండి, గట్టి మూత ఉన్న సీసాలో. ఇంటి నెయ్యి, పాలకోవా మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు వెంట తెచ్చుకోనివ్వరు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. చేత్తో తినొచ్చా అని మొదట్లోనే అడిగేశాను. తినమన్నారు, ఆ తర్వాత ఎప్పుడూ ఇబ్బందిగా చూడలేదు.

వేడినీళ్ళకు ‘ఇమ్మర్షన్’ అనే హీటర్ ఉంటుంది. కరెంటు బిల్లు భయంతో ఇంటివాళ్ళ కన్ను ఎప్పుడూ దాని మీదే. గదులు వేడెక్కించే రేడియేటర్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే నడుస్తాయి. అర్ధరాత్రి దాకా చదివేవాళ్ళు దళసరి స్వెట్టర్లు కొనుక్కోవాలి. వాన మనకు కొత్త కాదు, లెక్కకు కోనసీమలోనే ఎక్కువ కురుస్తుంది. అక్కడ మాత్రం ఏడాది పొడుగునా సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది, డిసెంబర్‌లో నాలుగు దాటితే చీకటి. తలంటుకుంటే జుట్టు ఆరబెట్టుకోవడానికి ఎండ ఉండదు. అమ్మాయిలూ, హెయిర్ డ్రయ్యర్ అక్కడే కొనుక్కోండి.

నన్ను నిజంగా బాధపెట్టింది క్రిస్మస్. తమ పిల్లలూ మనవలూ వస్తున్నారు, సెలవులు అయ్యేదాకా నా గది కావాలి అన్నారు ఇంటివాళ్ళు. ముందు ఒప్పుకున్న వాటిలో ఈ మాట లేదు. డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా విద్యార్థులు వారానికి 40 గంటలు పని చేసుకోవచ్చు, మామూలుగా అయితే 20 గంటలే. నాలుగు డబ్బులు కూడబెట్టుకునే ఆ రోజుల్లోనే పాలకొల్లు అమ్మాయిల గదిలో నేల మీద పరుపేసుకుని పడుకున్నాను. ఆ రోజులకు అద్దె తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఫిర్యాదు చేయడం తేలిక కాదు. యజమాని ఉంటున్న ఇంట్లో గది తీసుకున్నవాళ్ళను అక్కడి చట్టం అద్దెదారుగా చూడదు, అద్దె తగాదాలు తీర్చే బోర్డు వీళ్ళ గొడవ పట్టించుకోదు. ఏ ఏజెంటూ ఈ సంగతి చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

అయినా ఐదుకు నాలుగు ఇస్తాను. జ్వరం వచ్చి మంచం దిగలేని రోజుల్లో ఇంటావిడ మెట్లెక్కి సూప్ తెచ్చి, తిన్నదాకా పక్కనే కూర్చుంది. ఇంటికెవరొచ్చినా ముందు టీ ఇచ్చాకే మాట మొదలు, ఆ విషయంలో మన గోదారోళ్ళలాగే. రోజూ ఆ బల్ల దగ్గర కూర్చుని వాతావరణం, ఎన్నికలు, పక్కింటి కుక్క గురించి మాట్లాడీ మాట్లాడే ఇంటర్వ్యూల్లో నాకు తడబాటు పోయింది. క్లాసులో ప్రొఫెసర్ యాస మొదటి నెలలోనే అర్థం కావడం మొదలైంది. మనవాళ్ళు నలుగురు కలిసి తీసుకునే ఇంట్లో అన్నం, పప్పు, పండగలు అన్నీ ఉంటాయి, ఖర్చూ తగ్గుతుంది, కానీ ఈ అభ్యాసం దొరకదు. మొహమాటపడి ఏదీ అడగలేని పిల్లలకు మాత్రం ఆ ఇల్లే మేలు. డిగ్స్‌లో నోరు తెరిచి అడగకపోతే ఆకలితోనూ చలితోనూ ఉండాల్సి వస్తుంది.

ఈ సెప్టెంబర్‌కి మా పిన్ని కూతురు వెళ్తోంది, అదే ఇంటికి. బ్యాంకు ఖాతా తెరవడానికి చిరునామా రుజువుగా ఇంటివాళ్ళ లెటర్, శనివారం వంట, క్రిస్మస్‌కి గది, ఈ మూడూ మెసేజ్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ పంపాం.