కోలో కోలోయన్న పాటని వీఎల్‌సీలో ఆపి ఆపి చూస్తే

సినిమా తీయడం నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని మా ఊళ్లో కుర్రాళ్లు అడుగుతుంటారు. ముందు ఏదీ కొనొద్దు, వీఎల్‌సీ మీడియా ప్లేయర్ దించుకుని నీకు బాగా ఇష్టమైన హాస్య సినిమా ఒకటి పెట్టుకో అని చెప్తాను. ఈ సమీక్ష ఆ ప్లేయర్ గురించే. కానీ నేను దాని విలువ తెలుసుకున్నది 'గుండమ్మ కథ' వల్ల కాబట్టి రెండూ కలిపే చెప్పాలి.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. పెళ్లి వీడియోలు తీయడం నా వృత్తి. ఒడియావాళ్ల పెళ్లిళ్లకీ వెళ్తాను, తెలుగువాళ్ల పెళ్లిళ్లకీ వెళ్తాను. ముహూర్తాలు లేని రోజుల్లో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న చిన్న హాస్య కథలు తీస్తుంటాం. కటక్‌లో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కానీ పనీ ఇల్లూ వదిలేసి అంత దూరం వెళ్లి చదివే వీలు నాకు లేదు. అందుకే చదువంతా ఇంట్లోనే.

వీఎల్‌సీ పూర్తిగా ఉచితం. ప్రకటనలు రావు, ఖాతా తెరవమని అడగదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. 1996లో ఫ్రాన్స్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. 2001లో దాని కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. ఇప్పుడు వీడియోల్యాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటోంది. పాత లాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. నా దాంట్లో డిస్కు పెట్టే చోటు లేదు, బయటి డ్రైవు తగిలించుకుని డీవీడీ వేస్తాను.

నేర్చుకునేవాడికి పనికొచ్చే బటన్లు నాలుగైదే. విండోస్‌లో కీబోర్డు మీద 'ఈ' (E) అక్షరం నొక్కితే ఒక్క ఫ్రేము, అంటే వీడియోలో ఒక్క బొమ్మ, ముందుకి జరుగుతుంది. 'ఎమ్' నొక్కితే శబ్దం ఆగిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం కొడితే మూడు సెకన్లు వెనక్కి వస్తుంది. చదరపు బ్రాకెట్లతో వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. వేగం తగ్గించినా గొంతు బొంగురుపోదు, మాటలు మామూలు స్థాయిలోనే సాగదీసినట్టు వినిపిస్తాయి. ఒక డైలాగు ఎక్కడ ఆగింది, ఎదుటివాడు ఎంతసేపటికి అందుకున్నాడు అని పట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి! షిఫ్ట్, 'ఎస్' కలిపి నొక్కితే ఆ ఫ్రేము ఫొటోగా దాచుకుంటుంది. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ పెట్టుకుంటే, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా మళ్లీ మళ్లీ ఆడించమని చెప్పే బటన్ కూడా కనపడుతుంది. పాత డీవీడీలు ఆపినప్పుడు బొమ్మ మీద అడ్డచారలు వస్తాయి. 'డి' నొక్కి చూడండి, చాలావరకు పోతాయి.

ఇక అసలు విషయం. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. విజయావారి సినిమా, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. అందులో కోలో కోలోయన్న పాట తీసే సమయానికి రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున నలుగురి తేదీలూ ఒకేసారి కుదరలేదు. అందుకని ఇద్దరిద్దరిని పెట్టి తీశారు. పాట మొత్తంలో నలుగురూ కలిసి ఒక్క ఫ్రేములో కూడా ఉండరు. ఈ సంగతి నేను చదివాక గానీ నాకు తెలియలేదు. చదివాక కూడా, పాట మామూలుగా చూస్తే నలుగురూ ఒకచోట ఆడిపాడుతున్నట్టే అనిపించింది. ఎందుకలా అనిపిస్తోందో తెలుసుకోవాలని 'ఈ' నొక్కుకుంటూ కూర్చున్నాను.

వెనక మా అమ్మ కూరగాయలు తరుగుతోంది. "ఏటిరా, పాటనలగ ముక్కలు ముక్కలు చేస్తన్నావు, ఒక్కపాలి సాంతం ఇననీ" అంది. సరేనని మొదటి నుంచీ వేశాను, కాకపోతే ఈసారి 'ఎమ్' నొక్కి. శబ్దం లేదు. కాసేపు చూసి అమ్మ కత్తిపీట పక్కన పెట్టేసింది. "నలుగురూ ఒకచోట కనపడరేటి? ఇన్నేళ్లూ కలిసే ఆడినారనుకున్నాను" అంది. తెలుగు సినిమాలు చూస్తూ పెరిగిన మనిషి, ఆ సినిమా మాటలు చాలావరకు కంఠతా వచ్చిన మనిషి! శబ్దం తీసేసిన క్షణానే అతుకులు ఆమెకు కనపడ్డాయి. మళ్లీ శబ్దం పెట్టాను, మళ్లీ నలుగురూ కలిసిపోయారు. నలుగురినీ ఒకచోట కట్టిపడేస్తున్నది ఘంటసాల పాట. తాళం ఎక్కడా ఆగదు కాబట్టి షాటు, అంటే కెమెరా ఆపకుండా తీసిన ముక్క, మారినా చెవికి అదే చోటు, అదే సమయం. చెవి నమ్మితే కన్ను నమ్మేస్తుంది. ఎడిటింగ్ జి. కల్యాణసుందరం, డి.జి. జయరాంలది. వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇది మాకు వెంటనే అక్కరకొచ్చింది. మా ఇద్దరు నటుల్లో ఒకడు గుణుపురంలో మందుల షాపులో పనిచేస్తాడు, ఇంకొకడు టెక్కలిలో. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడమంటే గగనం. టీ డబ్బులు ఎవరివ్వాలని ఇద్దరూ కొట్టుకునే సీను ఒకటి రాసుకుని ఎన్నాళ్లుగానో పక్కన పెట్టేశాం. పాట చూశాక, ఒకణ్ని ఒక ఆదివారం, రెండోవాణ్ని ఇంకో ఆదివారం అదే బెంచీ మీద కూర్చోబెట్టి అదే వేళకి తీశాను. టీకొట్టు శబ్దం, అంటే స్టవ్ హోరు, గ్లాసుల చప్పుడు, చెంచా తిప్పడం, అదంతా విడిగా ఒకేసారి రికార్డు చేసి సీను అడుగున మొదటి నుంచి చివరిదాకా పరిచాను. చూసినవాళ్లెవరికీ వాళ్లిద్దరూ ఆ సీను తీసేటప్పుడు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదన్న అనుమానం రాలేదు.

ఇదే సినిమాలో దీనికి పూర్తి ఎదురు పాఠం కూడా ఉంది. సూర్యకాంతం, రమణారెడ్డి ఎదురుపడే ఘట్టాలు పెట్టి, శబ్దం ఆపి చూడండి. ఆవిడ నిండైన విగ్రహం, ఆ ఎడమచేతి విసురు. ఎదురుగా గాలేస్తే పడిపోయేలా ఉన్న ఆయన బక్క ఒళ్లు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో ఉంచితేనే సగం నవ్వు వచ్చేస్తుంది. మాట్లాడేవాళ్ల మొహం మీదకల్లా కట్ చేసుకుంటూ పోతే వినేవాళ్ల అవస్థ పోతుంది, నవ్వూ పోతుంది. ఈ మధ్య చూస్తున్న చిన్న సినిమాల్లో ఎక్కువగా జరిగేది ఇదే అని నా అభిప్రాయం. కెమెరా ఉంది కదా అని ప్రతి మాటకీ షాటు మారుస్తారు. హాస్యంలో ఎక్కడ కట్ చెయ్యకూడదో తెలియడమే పెద్ద విద్య. పిండి రుబ్బుతూ సాగే 'లేచింది నిద్ర లేచింది' పాట కూడా ఇలాగే చూడండి. రామారావు అంత పెద్ద హీరో నిక్కరేసుకుని రోలు దగ్గర కూర్చున్నాడు, పక్కన సావిత్రి. ఆ రోలు, ఆ నిక్కరు ఫ్రేములో ఉండాలి, అదే హాస్యం.

ఈ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుతురు గురించి రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది. స్నాప్‌షాట్లు తీసుకుని మొహం మీద వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో చూసుకోండి చాలు. నలుపు తెలుపు కాబట్టి రంగుల గోల ఉండదు, వెలుగొక్కటే కనపడుతుంది.

వీఎల్‌సీతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. నేను వాడే మూడో వెర్షన్‌లో ఫ్రేము ముందుకే జరుగుతుంది, వెనక్కి జరిపే బటన్ లేదు. కట్ దాటిపోతే మూడు సెకన్లు వెనక్కి వచ్చి మళ్లీ నొక్కుకుంటూ రావాలి, ఇది నిజంగా విసుగు. ఇంకోటి, ఫ్రేములు లెక్కపెట్టి షాటు నిడివి తేల్చాలనుకునేవాళ్లు జాగ్రత్త. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు, డీవీడీలో ఆ లెక్క అలాగే ఉండదు. గడియారం చూసి సెకన్లలోనే రాసుకోండి.

షాట్లు అతకడానికి మాత్రం వీఎల్‌సీ పనికిరాదు, అది ప్లేయరే. దానికి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఉంది. కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం కావాలి, పాత లాప్‌టాప్ మీద మొరాయిస్తుంది. డబ్బులు కూడేదాకా వీఎల్‌సీ, ఒక నోటుబుక్కు పెట్టుకుని చూడ్డం మొదలుపెట్టండి. ఇష్టమైన సినిమానే తీసుకోండి, ఎందుకంటే ఒకే పాట అన్నిసార్లు ఆపి చూడాలంటే దాని మీద ప్రేమ ఉండాలి.