పోర్టల్‌లో అప్లై చేయాలా, రిఫరల్ అడగాలా?

నియామకాలు మందగిస్తే ఖాళీలు తగ్గుతాయి, ఒక్కో ఖాళీకి వచ్చే రెజ్యూమెలు మాత్రం పెరుగుతాయి. అందుకే సమయం ఎటు పెడుతున్నామన్నది చాలా ముఖ్యం.

జాబ్ పోర్టల్‌లో, అంటే ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైట్‌లో, ఎవరినీ బతిమాలక్కర్లేదు, అదే దాని సుఖం. కానీ చాలాచోట్ల రిక్రూటర్లు సరిపడా మంది దొరకగానే మిగతావి తెరవరు. ప్రకటన పడిన 1–2 రోజుల్లోనే పంపాలి. నెల దాటినదైతే ముందు కంపెనీ సొంత సైట్‌లో ఇంకా ఉందో లేదో చూసుకోండి. రెండు కాలమ్‌ల రెజ్యూమెను కంపెనీల్లో రెజ్యూమెలు చదివే సాఫ్ట్‌వేర్ తప్పుగా చదవొచ్చు. పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరస చెదిరితే ఒకే కాలమ్‌లోకి మార్చండి.

రిఫరల్ అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్లతో మన పేరు సిఫారసు చేయించుకోవడం. ఇది నిదానం, మొహమాటం కూడా. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే మన రెజ్యూమెను ఒక మనిషి చదివే అవకాశం పెరుగుతుంది. "ఏదైనా ఉంటే చూడండి" అని అడిగితే వెతికే పని వాళ్ల నెత్తిన పడుతుంది, జవాబు రాదు. ఇలా రాయండి: "నమస్తే అండీ, మీ సంస్థలో ఈ ఉద్యోగానికి అప్లై చేద్దామనుకుంటున్నాను, నన్ను రిఫర్ చేయగలరా?" కింద జాబ్ ఐడీ, లింకు, మీరెందుకు సరిపోతారో 3 వాక్యాలు, రెజ్యూమె.

వరస తప్పితే మాత్రం నష్టమే. ముందే పోర్టల్‌లో అప్లై చేసేస్తే కొన్ని కంపెనీలు తర్వాత వచ్చిన రిఫరల్‌ను లెక్కలోకి తీసుకోవు. ప్రకటన పడగానే ముందు రిఫరల్ అడగండి, 2 రోజులు చూడండి, జవాబు లేకపోతే అప్పుడు నేరుగా పంపేయండి.