అమెరికన్ బ్రిటనీ రెస్క్యూ: ఫాస్టర్ ఇంటి నుంచి కుక్కను తెచ్చుకోవాలంటే

అమెరికన్ బ్రిటనీ రెస్క్యూ అంటే అమెరికాలో బ్రిటనీ జాతి కుక్కలను చేరదీసి కొత్త ఇళ్లకి ఇచ్చే సంస్థ. దీనికి షెల్టర్ లేదు. కుక్కలు వాలంటీర్ల ఇళ్లలోనే ఉంటాయి (అలా తాత్కాలికంగా ఉంచుకునేవాళ్లే ఫాస్టర్లు), అసలు విలువంతా అందులోనే ఉంది. బోనులో అరగంట చూస్తే కుక్క భయపడుతోందో లేదో తెలుస్తుంది, అంతే. పిల్లిని తరుముతుందా, ఒంటరిగా వదిలితే తలుపు గీరుతుందా, కారెక్కితే వాంతి చేసుకుంటుందా అనేవి ఫాస్టర్‌కే తెలుస్తాయి.

బ్రిటనీ వేటకుక్క. పక్షి వాసన పట్టి, కదలకుండా నిలబడి చూపించే జాతి. 30–40 పౌండ్ల బరువే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రోజూ గంటకు తగ్గకుండా పరుగు, ముక్కుకి కాస్త పని లేకపోతే మాత్రం సోఫా దిండ్లు దక్కవు.

దరఖాస్తు, వెట్ దగ్గర వాకబు, ఇంటి తనిఖీ, ఒప్పందం: దారి ఇదే. అన్నీ చేసేది వాలంటీర్లు, కాబట్టి తొందరపడితే కుదరదు. తనిఖీలో అసలు సంగతి కంచె. గేటు కింద సందు, సరిగ్గా పడని గడియ ముందే సరిచేయించుకోండి. కరెంటు కాలర్‌తో పనిచేసే కనపడని కంచెను నమ్మొద్దు: ఉడతను చూసిన ఊపులో షాక్‌ను లెక్కచేయకుండా దాటేస్తుంది, ఆ షాక్‌కే భయపడి వెనక్కి రాదు. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి కాగితం ఉంచుకోండి. నెలరోజులు ఇండియా వెళ్తే కుక్కను ఎవరు చూస్తారో దరఖాస్తులోనే రాసేయండి.

ఫాస్టర్‌ని "ఎనర్జీ ఎంత?" అని అడిగితే "బాగానే ఉంటుంది" అంటారు. "నిన్న పొద్దుట్నుంచి రాత్రిదాకా ఏం చేసింది?" అని అడగండి, అసలు బొమ్మ కనిపిస్తుంది. ఏ తిండి, ఎన్ని కప్పులు, ఏ మాటకి కూర్చుంటుందో రాసుకోండి. తిండి మార్చాలంటే 7–10 రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి, లేదంటే విరేచనాలే.

హార్ట్‌వార్మ్ (దోమల వల్ల సోకి గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే పురుగు) పరీక్ష ఫలితం తప్పకుండా చూడండి. పాజిటివ్ అయితే మామూలుగా ఆ పురుగుల్ని చంపే మెలార్సోమిన్ ఇంజెక్షన్లు మూడు: ఒకటి ముందు, నెల తర్వాత ఒకరోజు తేడాతో రెండు. చికిత్స మొత్తం, చివరి ఇంజెక్షన్ తర్వాత 6–8 వారాల దాకా కూడా పరుగు బంద్. గుండె వేగం పెరిగితే చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డం పడతాయి. బ్రిటనీని అన్నాళ్లు కట్టడి చేయడం నిజంగా కష్టం. ఇంట్లో ఆ తీరిక లేకపోతే చికిత్స పూర్తయ్యాకే తెచ్చుకోవడం మేలు.

కొత్తలో తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. తల సన్నగా ఉంటుంది, మామూలు కాలర్ జారిపోతుంది. లాగితే కాస్త బిగుసుకుని తల జారిపోనివ్వని మార్టింగేల్ కాలర్ వాడండి. పెరట్లో కూడా తాడు ఉండాల్సిందే. పొడవు తాడును మాత్రం హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ కట్టే పట్టీకే) తగిలించండి, కాలర్‌కి తగిలిస్తే పరుగు చివర మెడకి దెబ్బ తగులుతుంది. పూజకి జనం వచ్చిపోతూ తలుపు తీసే ఉంటే దాన్ని ఓ గదిలో పెట్టండి. చక్కెర పొంగలిలోని కిస్‌మిస్, సాంబారులోని ఉల్లి కుక్కకి విషం. ఈ మాట చుట్టాలకీ చెప్పాలి.

కుదరకపోతే కుక్కను ఎవరికో ఇవ్వకుండా సంస్థకే తిరిగి అప్పగించాలనే షరతు ఈ తరహా ఒప్పందాల్లో ఉంటుంది. మంచి షరతు, నాకు బాగా నచ్చింది. ఇక కుక్క చర్మం కింద ఉండే గుర్తింపు మైక్రోచిప్ మీ ఫోన్ నంబరుకి మారిందో లేదో, కారు కదిలేముందే చూసుకోండి.