వేలిముద్రల కిట్టు: నల్లపొడికి ఫుల్ మార్కులు, టేపు దండగ

మా అన్నయ్య కూతురు ప్లస్ టూ అవగానే ఫోరెన్సిక్ చదువుతానని పట్టుబట్టింది, ముందు ఇంట్లో చేసి చూడవే అని ఆన్‌లైన్లో ఈ కిట్టు తెప్పించాను, 850 రూపాయలు. పర్లాకిమిడి చేరడానికి తొమ్మిది రోజులు, అందులో నాలుగు బరంపురంలోనే కూర్చుంది.

నల్లపొడి మాత్రం సూపర్. మా అన్నయ్య పట్టుకున్న స్టీలు గ్లాసు మీద మొదటిసారి పొడి దట్టంగా వేసి రుద్దేసింది, ముద్ర కాస్తా మసైపోయింది. బ్రష్ కొసలకి చిటికెడు అంటించి, దులిపేసి, తేలిగ్గా తిప్పాలి, గీతలు కనపడ్డాక అవి ఎటు పోతే అటే. టార్చి పక్కనుంచి వాల్చి కొట్టి చూస్తే అబ్బ, ముగ్గేసినట్టు మధ్యలో సుడి! అలాంటి సుడే పంచదార డబ్బా మీదా దొరికింది. మా అన్నయ్యకి షుగరు, ఇంకేముంది, ఇల్లంతా గొడవ. సుడి చాలామందికి ఉంటుంది, గీత ఎక్కడ ఆగిందో ఎక్కడ చీలిందో కలవాలి అని భూతద్దంతో గంట కూర్చుని అవీ కలిపింది గుంట. ఆయన మాత్రం "పండక్కి డబ్బా దించింది నేనే కదా" అన్నాడు. ముద్ర ఎప్పుడు పడిందో పొడి చెప్పదు మరి, లాయరు పెట్టుకోనక్కర్లేదు ఆయనకి.

టేపు వేస్టు, అన్నీ బుడగలే, బజార్లో పార్సిల్ టేపు కొన్నాక కార్డు మీదకి చక్కగా వచ్చింది. తెల్లపొడి గడ్డకట్టి ఉంది. కాయితం మీద కూడా పనిచేస్తుందని లోపల చీటీలో రాసాడు, మేం వేస్తే నల్లగా అలుక్కుపోయింది అంతే. కాయితం చెమటని పీల్చేస్తుంది, దానికి ల్యాబులో నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వాడతారు, ముద్ర ఊదారంగులో తేలుతుంది. అదే చీటీలో చరిత్రంటూ లండన్ గోల తప్ప ఇంకోటి లేదు, 1897లో కలకత్తాలో మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టారని, ముద్రల్ని రకాలుగా విడదీసే పద్ధతికి అక్కడి పోలీసులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కష్టపడితే పేరు వాళ్ళ పై అధికారి హెన్రీ దొరకి పోయిందని ఒక్క లైను రాస్తే ఏటి పోయింది?

చివర్లో మా పిన్ని కూడా గ్లాసు పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా జీడిపిక్కలు కొడుతోంది, ఆ జీడి చర్మాన్ని తినేస్తుంది. రేషన్ మిషన్ వేలు తీసుకోవట్లేదంటే సరిగ్గా పెట్టు అని మేమే కసిరేవాళ్ళం. మూడుసార్లు పొడి వేసాం, గీతల్లేవు, నున్నటి మచ్చ ఒకటి.

మూడు స్టార్లు. పాత పేపర్లు పరుచుకుని చెయ్యండి, గచ్చు మీద పడితే పొడి ఓ పట్టాన పోదు.